మరంగ్ గోమ్‌కే జైపాల్ సింగ్ ముండా: రాజ్యాంగ సభలో మన గొంతు



ప్రతి ఏటా ఆగస్టు 9న మన సభా వేదిక మీద పెట్టే ఫోటోల వరుస మీకు తెలిసిందే. కొమురం భీం ఉంటాడు, బిర్సా ముండా ఉంటాడు. వాళ్లను చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు. ఆ పక్కనే కోటు, టై వేసుకున్న ఒకాయన ఫోటో పెట్టినప్పుడు మాత్రం కుర్రవాళ్లు దగ్గరకు వచ్చి అడుగుతారు, ఈయన కలెక్టరా అని. చేతిలో విల్లు లేదు, భుజాన గొంగడి లేదు. మరి వీరుల వరుసలో ఎందుకున్నాడు?

ఆ ప్రశ్నకు జవాబుగానే ఈ వ్యాసం. ఆయన కలెక్టర్ కావలసినవాడే. కాకుండా వచ్చేశాడు. ఆయన పేరు జైపాల్ సింగ్ ముండా. జార్ఖండ్ ఆదివాసులు ఆయన్ను మరంగ్ గోమ్‌కే అంటారు, అంటే పెద్ద నాయకుడు అని. ఈరోజు మనం ఐదో షెడ్యూలు గురించి, 1/70 చట్టం గురించి మాట్లాడుకుంటున్నామంటే, ఆ మాటలు రాజ్యాంగంలో చేరుతున్న రోజుల్లో ఆ గదిలో నిలబడి మన తరఫున పేచీ పెట్టిన మనిషి ఈయనే.

జైపాల్ సింగ్ 1903 జనవరి 3న పుట్టారు. ఊరి పేరు టకరా. అప్పటి రాంచీ జిల్లాలో, ఖూంటీ ప్రాంతంలో ఉంది. బిర్సా ముండా పుట్టిన ఉలిహాతు కూడా ఆ ఖూంటీ ప్రాంతంలోదే. బిర్సా 1900 జూన్‌లో రాంచీ జైల్లో చనిపోయాడు. అంటే జైపాల్ పుట్టేనాటికి ఆ పోరాటం ముగిసి మూడేళ్లే. ఇళ్లల్లో ఇంకా ఆ కబుర్లే చెప్పుకుంటున్న కాలం. ముండాల లెక్కలో అడవి కొట్టి ఊరు కట్టిన వంశానిదే ఆ నేల. దాన్ని ఖుంట్‌కట్టి అంటారు. జమీందార్లు, వడ్డీ వ్యాపారులు ఆ నేలను ఒక్కొక్క చెక్కగా లాక్కోవడం మీదే బిర్సా లేచాడు. ఆ తిరుగుబాటు తర్వాతే, 1908లో, ఆదివాసీ భూములు చేతులు మారకుండా ఛోటానాగపూర్ కౌలు చట్టం వచ్చింది. మన భీం పోరాటం తర్వాత నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను పిలిపించి గోండుల కష్టాలు విచారించినట్టే. ముందు నెత్తురు, తర్వాత కాగితం. ఈ వరుస అక్కడా ఇక్కడా ఒకటే.

తండ్రి పేరు అమ్రు పాహన్. పాహన్ అంటే ముండాల ఊరి పూజారి, మన గోండు గూడేల్లో దేవారి ఉన్నట్టు. పిల్లవాడు పశువులు కాసేవాడు. తర్వాత రాంచీలో మిషనరీలు నడిపే సెయింట్ పాల్స్ బడిలో చేర్చారు. చదువులోనూ ఆటలోనూ ముందుండేవాడు. ఆ బడి పెద్ద, కాస్‌గ్రేవ్ అనే ఇంగ్లీషు మతాచార్యుడు, తను స్వదేశానికి వెళ్తూ ఈ కుర్రవాణ్ణి వెంట తీసుకెళ్లాడు. అప్పటికి పదిహేనేళ్ల ప్రాయం. కాంటర్‌బరీలో మతాచార్యుల చదువు చదివించారు. ఫాదరీ అవుతాడని వాళ్ల ఆశ. జైపాల్ మనసు అటు పోలేదు. 1922లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని సెయింట్ జాన్స్ కాలేజీలో చేరి ఆర్థికశాస్త్రం చదువుకున్నారు. అక్కడ హాకీలో విశ్వవిద్యాలయం తరఫున ఆడి, ‘బ్లూ’ అనే గౌరవం పొందారు. మన దేశం నుంచి వెళ్లిన విద్యార్థికి హాకీలో ఆ గౌరవం దక్కడం కొత్త.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మనలో కొందరు, చదువుకుని పైకొచ్చినవాడు మనవాడు కాకుండా పోతాడని అంటారు. కొందరి విషయంలో నిజమే కూడా. జైపాల్ కూడా ఇరవై ఏళ్లు అలాగే కనిపించారు. ఇంగ్లీషు దొరల యాస, దొరల దుస్తులు, దొరల స్నేహాలు. ఐసీఎస్ పరీక్ష కూడా నెగ్గి శిక్షణలో ఉన్నారు. ఇంకొన్నాళ్లాగితే ఏదో ఒక జిల్లాకు పాలకుడే.

అప్పుడొచ్చింది 1928 ఒలింపిక్స్. హాకీలో తొలిసారి భారత జట్టు ఆమ్‌స్టర్‌డామ్ వెళ్తోంది. జట్టు బొంబాయి నుంచి ఓడలో ఇంగ్లండు చేరింది. ఆ జట్టుకు కెప్టెన్‌గా జైపాల్‌ను ఎంచుకున్నారు. ఐసీఎస్ శిక్షణలో ఉన్నవాడు సెలవు అడగాలి కదా. అడిగారు. ఇవ్వలేదు. ఇవ్వకపోయినా వెళ్లారు.

ఆ జట్టులో ధ్యాన్‌చంద్ ఉన్నాడు. ఐదు ఆటల్లో 29 గోల్స్ కొట్టారు, ఒక్కటి కూడా తినలేదు. ఫైనల్లో హాలెండును వాళ్ల గడ్డమీదే 3-0తో ఓడించారు. ఒలింపిక్స్‌లో మన దేశానికి వచ్చిన మొదటి బంగారు పతకం అదే. కానీ ఆ ఫైనల్లో జైపాల్ లేరు. జట్టు వ్యవహారాల్లో ఏదో తేడా వచ్చి ముందే ఇంగ్లండు వెళ్లిపోయారు. ఎందుకు వెళ్లారన్నదాని మీద ఆటల చరిత్ర రాసేవాళ్లు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఫైనల్లో పిన్నిగర్ నాయకత్వం వహించాడు. పుస్తకాల్లో మాత్రం మొదటి బంగారు పతకం జట్టు కెప్టెన్ అంటే జైపాల్ సింగే. టకరాలో పశువులు కాసిన పిల్లవాడు.

తిరిగొచ్చాక ఐసీఎస్ అధికారులు, సెలవు లేకుండా పోయావు కనుక శిక్షణ మరో ఏడాది చేయాలన్నారు. జైపాల్ ఆ కొలువే వదిలేశారు. ఆ రోజుల్లో ఐసీఎస్ వదులుకోవడమంటే ఏమిటో, గ్రూప్స్‌కు ఏళ్ల తరబడి తయారవుతున్న మీకు నేను చెప్పక్కర్లేదు.

తర్వాత పదేళ్లు ఒక్కచోట నిలవలేదు. బర్మా షెల్ చమురు కంపెనీలో పనిచేశారు. కాంగ్రెస్ మొదటి అధ్యక్షుడు డబ్ల్యు. సి. బెనర్జీ మనవరాలు తారా మజుందార్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆఫ్రికాలో, ఇప్పుడు ఘనా అని పిలిచే గోల్డ్ కోస్ట్‌లో, అచిమోటా కాలేజీలో పాఠాలు చెప్పారు. తిరిగొచ్చి రాయపూర్‌లో రాజకుమారుల కాలేజీలో, ఆ తర్వాత బికానేర్ సంస్థానంలో పెద్ద హోదాలో పనిచేశారు. ఇంతవరకు ఆయన బతుకులో ఛోటానాగపూర్ పెద్దగా లేదు.

కానీ ఈలోగా ఆ గడ్డ మీద పని ఆగలేదు. ఛోటానాగపూర్ ఉన్నతి సమాజ్ అనే సంఘం పెట్టుకుని చదువుకున్న ఆదివాసులు కొందరు ఏళ్ల క్రితమే పని మొదలుపెట్టారు. మా ప్రాంతాన్ని బిహార్ నుంచి వేరు చేయమని సైమన్ కమిషన్‌కు అర్జీ కూడా ఇచ్చారు. 1936లో ఒరిస్సా వేరే రాష్ట్రమైంది. ఒడియావాళ్లకు వచ్చింది, మనకెందుకు రాలేదన్న ప్రశ్న ఊరూరా పాకింది. చీలిపోయి ఉన్న సంఘాలు 1938లో ఒక్కటై ఆదివాసీ మహాసభ అయ్యాయి. సంఘం ఉంది, జనం ఉన్నారు. పట్నాలోనూ ఢిల్లీలోనూ వాళ్ల భాషలోనే వాళ్లకు జవాబు చెప్పగల మనిషి కావాలి.

1939 జనవరిలో రాంచీలో మహాసభ జరిగింది. ఎక్కడెక్కడి గూడేల నుంచో ఆదివాసులు వేలమంది వచ్చారు. ముండాలు, ఒరావులు, హోలు, సంథాలులు, ఖడియాలు. ఆ సభకు అధ్యక్షుడు జైపాల్ సింగ్. చిన్నప్పుడు ఊరు విడిచి వెళ్లినవాడు, వయసు ముప్పై ఆరేళ్లకు మళ్లీ తన జనం ముందు నిలబడ్డారు. ఛోటానాగపూర్‌ను, సంథాల్ పరగణాలను కలిపి వేరే రాష్ట్రం చేయాలని అడిగారు. అప్పటి నుంచి చనిపోయేవరకు ఆయన్ను ఎవరూ మరో పనికి చెందినవాడిగా చూడలేదు.

ఆయన చేసిన ప్రతిదీ గొప్పదని నేను చెప్పను. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన బ్రిటిష్ సైన్యంలో ఆదివాసులను చేర్పించే పని చేశారు. దేశమంతా క్విట్ ఇండియా అంటుంటే ఆయన అటువైపు నిలబడ్డారు. బిహార్ కాంగ్రెస్ నాయకుల మీద నమ్మకం లేక, దొరల దగ్గర మంచి పేరు ఉంటే రాష్ట్రం వస్తుందని అనుకున్నారు. రాలేదు. దీన్ని దాచిపెట్టి ఆయన కథ చెప్పడం నాకు ఇష్టం లేదు. అయితే ఆ అపనమ్మకానికి కారణం లేదని కూడా అనలేం.

రాజ్యాంగ సభలో

1946 డిసెంబర్ 9న ఢిల్లీలో రాజ్యాంగ సభ మొదలైంది. జైపాల్ బిహార్ నుంచి సభ్యుడిగా వెళ్లారు. మహామహులు కూర్చున్న సభ. ఆదివాసీ సభ్యులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. నెహ్రూ లక్ష్యాల తీర్మానం పెట్టారు. స్వతంత్ర భారతదేశం ఎలా ఉండాలో చెప్పే తీర్మానం అది. డిసెంబర్ 19న జైపాల్ మాట్లాడటానికి లేచారు.

మనల్ని తిట్టడానికి వాడే మాటతోనే ఆయన తనను తాను పరిచయం చేసుకున్నారు. జంగ్లీని అన్నారు. అడవివాణ్ణి, మీ చట్టాల మెలికలు నాకు అర్థమవుతాయని మీరు అనుకోరు, కానీ న్యాయమేదో అర్థమవుతుంది అన్న ధోరణిలో మొదలుపెట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివినవాడు అలా అంటుంటే ఆ సభలో ఎంతమంది నొచ్చుకున్నారో. తర్వాత చరిత్రలోకి వెళ్లారు. సింధు నాగరికత కాలం నుంచీ ఈ నేల మా వాళ్లది, ఈ సభలో ఉన్న చాలామంది మాకంటే వెనక వచ్చినవాళ్లేనని గుర్తుచేశారు. వేల ఏళ్లుగా మా వాళ్లను తోసేశారు, అవమానించారు, అయినా స్వతంత్ర భారతం కొత్త అధ్యాయం తెరుస్తుందని మీ మాట నమ్ముతున్నాం అని తీర్మానాన్ని బలపరిచారు. ఆదివాసులకు ప్రజాస్వామ్యం ఎవరూ నేర్పనక్కర్లేదు, మీరే వాళ్ల దగ్గర నేర్చుకోవాలి అన్నది ఆయన వాదనలో గట్టి మాట.

ఆ మాటలోని నిజం మన గూడేల్లో పంచాయితీ చూసినవాళ్లకు తెలుసు. చెట్టు కింద అందరూ కూర్చుంటారు, ఒక్కడు అడ్డం చెప్పినా తెల్లారేదాకా మాట్లాడుకుంటారు గాని చేతులెత్తి లెక్కపెట్టి పని ముగించరు.

నెల తర్వాత మైనారిటీల, ఆదివాసుల హక్కులు చూసే సలహా సంఘం పేర్లు చదివినప్పుడు ఆయన ఇంకో లోటు ఎత్తిచూపారు. అందులో ఆదివాసీ స్త్రీ ఒక్కరూ లేరని. 1947లో ఇది అడిగిన మగవాళ్లు ఎందరున్నారు? మన సంఘం కార్యవర్గంలో ఎంతమంది ఆడపిల్లలున్నారో ఒకసారి లెక్కేసుకోండి. ఇది నేను మనల్నే అంటున్నాను.

అప్పుడే ఠక్కర్ బాపా అధ్యక్షతన, అస్సాం కాక మిగతా ప్రాంతాల ఆదివాసీ సమస్యలు చూడడానికి ఉపసంఘం వేశారు. జైపాల్ అందులో సభ్యులు. మనకు ఐదో షెడ్యూలుగా వచ్చినదానికి మూలం ఆ ఉపసంఘం పని.

ఈ మధ్యలోనే 1948 జనవరి 1 వచ్చింది. ఖర్సావాన్ అనే చిన్న సంస్థానాన్ని ఒరిస్సాలో కలపడానికి నిర్ణయించారు. ఆదివాసులు వద్దన్నారు. ఆ రోజు సంత రోజు. జైపాల్ వచ్చి మాట్లాడతారని విని చుట్టుపక్కల నుంచి వేలమంది చేరారు. ఆయన రాలేకపోయారు. ఒరిస్సా సాయుధ పోలీసులు ఆ జనం మీద కాల్పులు జరిపారు. ఎంతమంది చచ్చిపోయారో సర్కారు లెక్క ఒకటి, ఊళ్ల లెక్క ఇంకొకటి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఐదు నెలలు కూడా నిండలేదు. ఇప్పటికీ జనవరి 1న జార్ఖండ్‌లో చాలామంది ఆదివాసులు కొత్త సంవత్సరం చేసుకోరు, ఖర్సావాన్ అమరుల స్తూపం దగ్గరకు వెళ్తారు. మన ఇంద్రవెల్లి స్తూపం దగ్గరకు ఏప్రిల్ 20న వెళ్లే మనకు ఆ బాధ వేరే వివరించనక్కర్లేదు.

ఆ నెత్తురు చూసి కూడా జైపాల్ సభను వదిలి రాలేదు. మళ్లీ వెళ్లి అదే బెంచీ మీద కూర్చుని, ఒక్కొక్క అధికరణం మీద మాట్లాడారు. ఆయన్ను వీరుల వరుసలో పెట్టడానికి నాకు కనిపించే కారణం ఇదే. కోపం వచ్చి లేచిపోవడం తేలిక.

పేరు మీద ఆయన పట్టుదల తెలుసుకోదగ్గది. మనల్ని ఏమని పిలవాలన్నది ఆ సభలో పెద్ద చర్చ. హిందీ అనువాదంలో వనజాతి లాంటి మాటలు వచ్చాయి. ఆదివాసీ అనే మాట ఉండగా ఇంకోటి ఎందుకని ఆయన పదేపదే అడిగారు. ఆదివాసీ అంటే మొదటి నుంచీ ఉన్నవాడు, అందులో గౌరవం ఉంది, హక్కు ఉంది. వనజాతి అంటే అడవిలో ఉండేవాడు, అంతే. 1948 డిసెంబర్‌లో అంబేడ్కర్ జవాబిచ్చారు. ఆదివాసీ అన్నది అందరూ వాడే మాటే గాని దానికి చట్టంలో స్థిరమైన అర్థం లేదు, షెడ్యూల్డు తెగ అంటే జాబితాలో పేరు ఉంటుంది కనుక ఎవరో ఏమిటో తేలుతుంది అన్నది ఆయన వాదన. కోర్టుకు వెళ్లేవాళ్లకు అంబేడ్కర్ మాటలో బలం కనిపిస్తుంది. జాబితా లేకపోతే మన సర్టిఫికెట్‌కు ఆధారమే లేదు. కానీ జైపాల్ అడిగింది చట్టం సౌకర్యం గురించి కాదు. ఆ వాదనలో ఆయన ఓడిపోయారు. తెలుగులో సర్కారు మనల్ని ఇప్పటికీ గిరిజనులనే రాస్తుంది. అంటే కొండజనం. మన బ్యానర్ల మీద మనం ఆదివాసీ అని రాసుకుంటాం. 1948లో మొదలైన ఆ పేచీ ఇంకా ఆ రెండు మాటల మధ్య నడుస్తూనే ఉంది.

ఆ చర్చ జరిగిన అధికరణం కూడా చిన్నది కాదు. ఇప్పుడది 19వ అధికరణంలో 5వ ఖండం. దేశంలో ఎవరైనా ఎక్కడికైనా వెళ్లొచ్చు, ఉండొచ్చు అన్న హక్కుకు, షెడ్యూల్డు తెగల ప్రయోజనం కోసం పరిమితి పెట్టవచ్చని అది చెబుతుంది. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు దీన్ని మార్కుల కోసం బట్టీ పడతారు. ఒకసారి మన ఊరి పేరు మనసులో పెట్టుకుని చదవండి.

మద్యనిషేధం మీద కూడా ఆయన గట్టిగా నిలబడ్డారు. 1948 నవంబర్‌లో ఆదేశిక సూత్రాల్లో నిషేధం చేర్చే చర్చ వచ్చింది. గాంధీ పోయిన ఏడాదే అది. నిషేధానికి ఎదురు మాట్లాడటమంటే గాంధీకి ఎదురు మాట్లాడటమే. జైపాల్ లేచి, బియ్యంతో చేసుకునే సారా మా పూజల్లో, పెళ్లిళ్లలో, చావుల్లో భాగం, అది మా మతహక్కు, సంథాలు కూలీలు అది లేకుండా మోకాలిలోతు నీళ్లలో వరినాట్లు వేయలేరు అని వివరించారు. నాట్ల రోజుల్లో పొలం దిగినవాడికి తెలిసిన సంగతి అది. మన దగ్గర పేన్‌కు ఇప్పసారా ధారపోయకుండా ఏ పూజ జరుగుతుంది? జీలుగు కల్లు లేని మన్యం పండగ ఏది? అయితే తమ్ముళ్లూ, ఇప్పుడు బెల్టుషాపుల్లో అమ్మే సీసాలకు దీన్ని సాకుగా వాడుకోకండి. ఆయన మాట్లాడింది ఆ సీసాల గురించి కాదు.

అన్నిటికంటే మనకు దగ్గరైన చర్చ 1949 సెప్టెంబర్ 5న జరిగింది. ఐదో షెడ్యూలు సభ ముందుకొచ్చింది. అంతకుముందు ముసాయిదాలో గిరిజన సలహా మండలికి బలం ఉండేది. షెడ్యూల్డు ప్రాంతంలో ఒక చట్టం వర్తించకూడదని మండలి చెబితే గవర్నర్ దానికి కట్టుబడాలి. కొత్తగా తెచ్చిన రూపంలో ఆ అధికారమంతా గవర్నర్ చేతిలోకి వెళ్లింది. మండలి సలహా చెప్పేదిగా మిగిలింది. జైపాల్ దీన్ని పట్టుకున్నారు. మండలిని ఉత్త బొమ్మ చేశారని ఆయన ఫిర్యాదు. సవరణలు పెట్టారు. ఆ మార్పును మాత్రం ఆపలేకపోయారు.

మిగిలింది కూడా తక్కువేమీ కాదు. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి చేతులు మారకుండా, వడ్డీ వ్యాపారం అదుపు తప్పకుండా నిబంధనలు చేసే అధికారం గవర్నర్‌కు ఉంది. వాటికి ముందు సలహా మండలిని సంప్రదించాలి. ఆ అధికారంతోనే మన దగ్గర 1959లో భూబదలాయింపు నిబంధన వచ్చింది, 1970లో దాన్ని గట్టిపరిచి 1/70 చేశారు. గిరిజనేతరుల నుంచి గిరిజనేతరులు కూడా ఏజెన్సీ భూమి కొనకూడదన్నది దాని సారం. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతంలో సర్కారు భూమిని కూడా ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదంది. ఆ తీర్పు పునాది కూడా ఇదే షెడ్యూలు. మరోవైపు 2020లో, ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చే జీవో 3ను అదే కోర్టు కొట్టేసింది. గవర్నర్‌కు ఈ షెడ్యూలు కింద ఎంత అధికారం ఉందన్నదే అక్కడా ప్రశ్న. జైపాల్ ఆ సెప్టెంబర్‌లో పోట్లాడిన వాక్యాల మీదే మన అక్కాచెల్లెళ్ల ఉద్యోగాలు ఆధారపడి ఉన్నాయని అప్పుడు గాని చాలామందికి అర్థం కాలేదు.

కోడిపుంజు గుర్తు

1950 నాటికి ఆదివాసీ మహాసభ జార్ఖండ్ పార్టీ అయింది. ఆదివాసేతరులకు కూడా తలుపు తెరిచారు. ఆ నేల మీద పుట్టి, ఆ నేల కష్టం పంచుకునేవాళ్లందరి రాష్ట్రం అని చెప్పడం మొదలుపెట్టారు. 1952 తొలి ఎన్నికల్లో పార్టీ గుర్తు కోడిపుంజు. అక్షరం రానివాళ్లు కూడా దాన్ని చూసి ఓటేశారు. బిహార్ శాసనసభలో 32 స్థానాలు గెలిచి ప్రధాన ప్రతిపక్షమైంది. జైపాల్ లోక్‌సభకు వెళ్లారు. అప్పటి నుంచి చనిపోయేవరకు ప్రతి లోక్‌సభలోనూ ఆయన ఉన్నారు.

రాష్ట్రాల పునర్విభజన సంఘం వచ్చినప్పుడు జార్ఖండ్ ఖాయమని జనం ఆశపడ్డారు. 1955లో సంఘం కాదంది. ఆ ప్రాంతంలో ఆదివాసులు సగం కూడా లేరు, అందరినీ కలిపే ఒక్క భాష లేదు, గనులూ కర్మాగారాలూ పోతే బిహార్ దెబ్బతింటుంది అన్నవి కారణాలు. గనులు తవ్వినవాళ్లు ఎవరు, ఆ గనుల కోసం ఊళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఎవరు అన్నది ఆ లెక్కలోకి రాలేదు. మరుసటి ఏడాది భాష పేరు మీద ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. మన గోండి, కోయ, కువి మాట్లాడేవాళ్లను ఆ లెక్క కూడా ముక్కలు చేసింది. గోండులు నాలుగైదు రాష్ట్రాల్లో, ప్రతిచోటా కొద్దిమందిగా మిగిలారు.

ఆ తర్వాత పార్టీ నెమ్మదిగా తగ్గింది. 1962లో సీట్లు 20కి వచ్చాయి. జైపాల్ ఎక్కువకాలం ఢిల్లీలోనే గడిపేవారని, గూడేల్లో తిరగడం తగ్గిందని ఆయన్ను ప్రేమించినవాళ్లే అన్నారు. 1963లో ఆయన జార్ఖండ్ పార్టీని కాంగ్రెస్‌లో కలిపేశారు. లోపల ఉండి రాష్ట్రం సాధించవచ్చని ఆయన అనుకున్నారో, అలిసిపోయారో. కొద్దికాలం బిహార్‌లో మంత్రిగా ఉన్నారు. రాష్ట్రం రాలేదు, పార్టీ పోయింది. ఊరూరా కోడిపుంజుకు ఓటేసినవాళ్లు తమను అమ్మేశారని ఏడ్చారు. మరంగ్ గోమ్‌కే అన్న నోళ్లే తిట్టాయి. కొందరు విడిపోయి జార్ఖండ్ పేరుతోనే వేరే పార్టీలు పెట్టుకుని ఆ కోరికను బతికించారు. నాకైతే ఆ కలపడం పెద్ద తప్పనే అనిపిస్తుంది. ఒక్క మనిషి మీద అంత పెద్ద ఉద్యమాన్ని మోపినవాళ్ల తప్పు కూడా అందులో ఉంది. పెద్దాయన నిర్ణయం తీసుకుంటే ఆపగల సంఘం అక్కడ మిగల్లేదు. చెట్టు కింద అందరూ కూర్చుని తేల్చుకునే పద్ధతి గురించి రాజ్యాంగ సభకు చెప్పిన మనిషి, తన పార్టీ విషయంలో దాన్ని నిలుపుకోలేకపోయారు.

1970 మార్చి 20న ఢిల్లీలో జైపాల్ సింగ్ చనిపోయారు. అప్పటికీ ఖూంటీ ఎంపీగానే ఉన్నారు. జీవితం చివర్లో రాసుకున్న జ్ఞాపకాలు 2004లో గాని పుస్తకంగా రాలేదు. అప్పటికి జార్ఖండ్ వచ్చి నాలుగేళ్లయింది. 2000 నవంబర్ 15న, బిర్సా పుట్టినరోజున, ఆ రాష్ట్రం ఏర్పడింది. ఆయన అడగడం మొదలుపెట్టిన అరవై ఒక్క ఏళ్లకు అది జరిగింది.

రాంచీ నడిబొడ్డున ఆయన పేరుతో స్టేడియం ఉంది. 2021 నుంచి జార్ఖండ్ ప్రభుత్వం ఆయన పేరునే ఆదివాసీ విద్యార్థులను పై చదువులకు బ్రిటన్ పంపుతోంది. టకరా కుర్రవాడు ఓ ఫాదరీ దయతో ఓడెక్కి వెళ్లిన దేశానికి, ఇప్పుడు ముండా, ఒరావు, సంథాలు పిల్లలు సర్కారు స్కాలర్‌షిప్ మీద విమానంలో వెళ్తున్నారు.